పొద్దుతిరుగుడు కోతకొచ్చేదాకా

జూలై 14

వదినకి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీకు వినపడదు, పక్కింటివాళ్ళ చేత చెప్పిస్తే మీకు నచ్చదు. అందుకని ఊరంతా తిరిగి గదికి రాగానే కాగితం తీశాను. ముప్ఫై ఏళ్ళు మిల్లు రొదలో నిలబడి మీరు చెవులు పోగొట్టుకున్నారు గానీ, ఆ వంకన నాకు ఉత్తరాలు రాయడం అబ్బింది. మా కుట్టుషాపు వీధిలో పోస్టుడబ్బా ఇంకా పీకెయ్యలేదంటే అది మనిద్దరి చలవే.

క్షేమంగా చేరాం. నేనూ మీ తమ్ముడూ కలిసి ఊరు చూడ్డానికని బయల్దేరడం పెళ్ళైన ముప్ఫై మూడేళ్ళలో ఇదే మొదలు. ఊరు చాలా పాతది. చుట్టూ కోటగోడ, నాలుగు వైపులా నాలుగు ద్వారాలు. తూర్పు ద్వారం దగ్గర రాతి బాటమీద బండిచక్రాలు నడిచిన గాళ్ళు జానెడు లోతున పడి ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ళు ఎన్ని బళ్ళు నడిచాయో చూడండని గైడు చెబుతుంటే, మీ తమ్ముడు వంగి ఆ గాడిలో వేలు పెట్టి, "ఇరుసుకి గ్రీజు సరిగ్గా పెట్టుంటే ఇంత అరిగేది కాదు" అన్నారు. బస్సులో వచ్చినవాళ్ళంతా ఒకటే నవ్వు.

మ్యూజియంలో ఇంకా బాగుంది. కత్తులూ కిరీటాలూ ఉన్న గదులు గబగబా దాటేసి, మూలనున్న పాత కాలి కుట్టుమిషన్ ముందు ఆగిపోయారు. జీవితమంతా మిషన్లు బాగుచేసిన మనిషాయె. షటిల్ ఎలా తిరుగుతుందో, బెల్టు ఎందుకు జారుతుందో చెప్పడం మొదలుపెడితే పదిమంది మూగారు. ఒకావిడ ఈయన మ్యూజియం ఉద్యోగి అనుకుని బాత్రూం ఎటు అని అడిగింది. ఎంతో మర్యాదగా దారి చూపించారు. అటు బాత్రూం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ మధ్య కాస్త మతిమరుపు వచ్చింది. వయసు కదా. నిన్న నన్ను రెండుసార్లు "అక్కా" అన్నారు. మిమ్మల్ని బాగా తలుచుకుంటున్నట్టున్నారు.

వారం ఉంటాం. రేపు పొద్దుతిరుగుడు పొలాలకి తీసుకెళ్తారట. ఊరికి ఆరు కిలోమీటర్లు. ఎటు చూసినా పసుపేనంటున్నారు. నిజం చెప్పనా వదినా? లేచింది మొదలు "ఏమేవ్, ఏమేవ్" అని ఒకటే పిలుపు. ఆ పూల దగ్గర ఒక్క గంట, నన్నెవరూ పిలవకుండా, కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుంది.

మీ మోకాళ్ళు జాగ్రత్త. లాడ్జి చిరునామా వెనకాల రాశాను.

మీ మరదలు


జూలై 18

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. మీ తమ్ముడు కనిపించడం లేదు. మూడు రోజులైంది.

పదిహేనో తారీఖు పదింటికి బస్సు పూల దగ్గర ఆగింది. నలభై నిమిషాలన్నాడు డ్రైవరు. మొక్కలు మనిషికంటే ఎత్తున్నాయి. ఫొటోలు తీసుకోవడానికి మధ్యలో సన్నటి దారులు వదిలారు. ఎండగా ఉందని గుడిసెలో అమ్ముతుంటే ఆయనకో తెల్ల టోపీ కొన్నాను. నాకు మడమ నొప్పి. అక్కడ చెక్కబల్ల ఉంటే కూలబడ్డాను. "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటాను" అన్నాను. "సరేనే" అని వెళ్ళారు. పూలమధ్య తెల్ల టోపీ కాసేపు కనపడింది. తర్వాత చూస్తే అన్నీ తెల్ల టోపీలే. ఆ గుడిసెలో అమ్మేది ఒక్కటే రకం.

హారన్ కొట్టారు. అందరూ వచ్చారు, ఈయన రాలేదు. ముందు విసుక్కున్నవాళ్ళే తర్వాత దిగి తలో దారీ పట్టి వెతికారు. పోలీసులకి చెబితే, "పెద్దమనిషేగా, ఎక్కడికి పోతాడు, సాయంత్రానికి వచ్చేస్తాడు" అన్నారు. మర్నాడు కుక్కని తెచ్చేసరికి వాన పడింది. దానికి వాసన అందలేదు. పొలం అవతల కాలవలో వెతికారు. డ్రోన్ ఎగరేశారు. ఆ బొమ్మలు నాకు చూపించారు వదినా. పైనుంచి చూస్తే పూలు తప్ప ఇంకేం కనపడవు. రెండొందల ఎకరాలట.

నేనిక్కడే ఉన్నాను. కదలను. మీరు కంగారుపడకండి అని రాయాలి గానీ చెయ్యి రావడం లేదు.

మీ మరదలు


జూలై 19

మరదలు పిల్లకి,

నీ పద్నాలుగో తారీఖు ఉత్తరం ఇప్పుడే అందింది. గ్రీజు మాట చదివి ఎంత నవ్వానంటే, నా నవ్వు నాకు వినపడలేదు గానీ పక్కింటావిడ తలుపు తోసుకుని వచ్చేసింది, ఏమైందోనని. ఆవిడకి చదివి వినిపించాను. పోస్టు తెచ్చినాయనకీ వినిపించాను.

వాడు చిన్నప్పుడూ అంతే. మా ఇంట్లో ఒకే గడియారం. ఏడేళ్ళప్పుడు దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించాడు. ఒక మర మిగిలిపోయింది. "ఇది అక్కర్లేనిదక్కా, వాళ్ళు పొరపాటున పెట్టారు" అన్నాడు. గడియారం మాత్రం ఆ తర్వాత పదేళ్ళు నడిచింది.

"ఏమేవ్" అంటే నీకు విసుగొచ్చిందా? నన్ను పిలిచేవాళ్ళే లేరు, పిలిచినా వినపడదు. వాడి పిలుపులు రెండు నాకు పార్శిల్ కట్టి పంపు, దాచుకుంటాను.

పూలలో నిలబెట్టి ఒక ఫొటో తీయించు. నవ్వమను. ఫొటో అనగానే మొహం బిగించేస్తాడు. చెయ్యి పట్టుకుని నడిపించు, వాడికి దిక్కులు చూస్తూ నడిచే అలవాటు. తిరిగొచ్చేటప్పుడు ఇటు రండి. మూడేళ్ళైంది వాణ్ణి చూసి. ఈసారి సాకులు చెబితే ఊరుకోను.

మీ వదిన


జూలై 23

నీ ఉత్తరం చేరింది.

నిన్నంతా చేతిలో పట్టుకునే ఉన్నాను. ఇవాళ నీ పాత ఉత్తరం కూడా తీసి పక్కన పెట్టుకుని చదివాను. "ఒక్క గంట, నన్నెవరూ పిలవకుండా" అని నీ చేత్తో నువ్వే రాశావు. దొరికిందిగా? ఇక కూర్చో, కాళ్ళు చాపుకుని.

అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పదమూడు. నేను మిల్లు షిఫ్టుకి పోతూ వాణ్ణి క్యాంటీన్ ఆవిడ దగ్గర కూర్చోబెట్టేదాన్ని. ఒక్కనాడు తప్పిపోలేదు. అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి నువ్వు నలభై నిమిషాలు కనిపెట్టుకుని ఉండలేకపోయావు.

నేను బయల్దేరతానంటే డాక్టరు ఒప్పుకోవడం లేదు. మోకాలి ఆపరేషన్ కుట్లు ఇంకా విప్పలేదు. లేకపోతే ఈపాటికి అక్కడుండేదాన్ని, నీ మొహం చూసి అడిగేదాన్ని.

ఏ కబురున్నా రాయి. నీ సంగతులు రాయక్కర్లేదు.


జూలై 28

వదినకి,

మీరు అన్నవన్నీ నేను రోజూ అనుకుంటున్నవే. మీ చేతిరాతలో చూశాను, అంతే. ఇప్పుడు మీకొక నిజం చెప్పాలి.

మామూలు మతిమరుపు కాదది. రెండేళ్ళుగా ఉంది. ఒకనాడు నేను షాపు మూసి ఇంటికొచ్చేసరికి చాపమీద మిషన్ ముక్కలన్నీ పరుచుకుని మధ్యలో కూర్చుని ఉన్నారు. "ఎవరో నా మిషన్ విప్పేశారే" అన్నారు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. కళ్ళు మూసుకుని బిగించగలిగే మనిషి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరుగుతుంది అన్నాడు. బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని ఆయనన్న మొదటి మాట, "అక్కకి చెప్పకు. అక్క దగ్గర నేను తెలివైనవాణ్ణి."

అందుకే చెప్పలేదు. మీరు రమ్మన్నప్పుడల్లా ఏదో సాకు చెప్పింది నేనే. ఆయన కాదు.

ఇంకో ఏడాదికి నేనెవరో కూడా తెలియకపోవచ్చు అన్నాడు డాక్టరు. తెలిసుండగానే ఒక్కసారి ఇద్దరం ఎక్కడికైనా వెళ్ళి రావాలనుకున్నాను. అదీ ఈ ప్రయాణం.

జాగ్రత్తలు పడలేదనుకోకండి. తలుపు గొళ్ళెం పైకి మార్పించాను. ఆయన చొక్కాలన్నిటికీ కాలరు లోపల పేరూ, మా షాపు చిరునామా రంగుదారంతో కుట్టాను. ఆవేళ పొద్దున చొక్కామీద టీ ఒలికింది. సంచిలోంచి గోధుమరంగుది తీసి తొడిగాను. ప్రయాణానికని ఆ వారమే కుట్టిన కొత్తది. దాని కాలరు లోపల ఏమీ లేదు. మర్చిపోయాను. మర్చిపోయింది నేను వదినా, ఆయన కాదు.

పొలం ఆవిడ లోపలికి మనుషుల్ని దించనంటోంది. మొక్కలు విరుగుతాయని కాదు, "ఇప్పటికే దారులన్నీ వెతికించాను, ఇంకెవరైనా దారి తప్పితే నాకొద్దు ఆ పాపం" అంటోంది. రోజూ పొద్దున్నే ఆ ఆరు కిలోమీటర్లూ వెళ్ళి గట్టు వెంట పిలుచుకుంటూ తిరుగుతున్నాను. టూరు బస్సుల వాళ్ళు నన్ను చూసి కెమెరాలు దించేస్తున్నారు.

మీ మరదలు


ఆగస్టు 2

అమ్మాయ్,

నోరు పారేసుకున్నాను. ముందు ఆ ఉత్తరం చింపెయ్. ఇక నేను చెప్పేది విను. విన్నాక నువ్వే నన్ను తిట్టుకుంటావు, తిట్టుకో.

నాకు తెలుసు. వాడి సంగతి నాకు ఏడాదిన్నరగా తెలుసు.

నేను మీకు రాసేటప్పుడు పై కాగితం నీకు, లోపల మడిచింది వాడికి కదా. ఒకరి కాగితం ఒకరు చూసుకోని మర్యాద మీది. వాడు నాకు విడిగా రాసి తనే డబ్బాలో వేసేవాడు. కిందటేడు ఒకే వారంలో మూడు ఉత్తరాలొచ్చాయి. మూడిట్లోనూ అవే మాటలు. "నాన్నకెలా ఉంది? దగ్గు తగ్గిందా?" నాన్న పోయి ఇరవై ఆరేళ్ళు. శవాన్ని మోసింది వాడే.

ఏం రాయాలో తోచక నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆఖరికి "నాన్న బాగున్నాడు" అని రాశాను. వాడెంత సంతోషపడి జవాబు రాశాడో. అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. నాన్న అన్నం తిన్నాడు, నాన్న కొత్త చెప్పులు కొనుక్కున్నాడు, నాన్న నిన్నడిగాడు. నిజం చెప్పాలంటే నాకూ బాగుండేది. ఒంటరి దాన్ని, ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టుండేది.

నీకెందుకు చెప్పలేదంటే, నీకు తెలియదనుకున్నాను. తెలిస్తే వాణ్ణి డాక్టర్ల చుట్టూ తిప్పి, నా ఉత్తరాలు ఆపించేస్తావని భయపడ్డాను.

జూన్ నెల ఉత్తరంలో వాడికేం రాశానో చెబుతున్నాను. "నాన్నకి ఒంట్లో బాగాలేదు. నిన్ను చూడాలంటున్నాడు. బయల్దేరి రా." నన్ను చూడ్డానికంటే రావడం లేదు, నాన్నంటే వస్తాడని. అంతే అమ్మాయ్. వాణ్ణి చూడాలనిపించి రాశాను.

వాడు ఆ పూల్లో తప్పిపోలేదేమో. నాన్న దగ్గరికి బయల్దేరాడేమో.

వదిన


ఆగస్టు 8

వదినకి,

జవాబు రాయకూడదనుకున్నాను. రెండు రోజులు రాయలేదు కూడా. కానీ మీకు కాక ఎవరికి రాయను?

ఆవేళ బస్సెక్కేముందు ఆయన డ్రైవర్ని మీ ఊరి పేరు చెప్పి, "ఇటే వెళ్తుందా?" అని అడిగారు. డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వి చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఎందుకడిగారో ఇప్పుడర్థమైంది. మీరొక్క ముక్క నాకు రాసుంటే ఆవేళ నేను బల్లమీద కూర్చునేదాన్ని కాదు. నేనొక్క ముక్క మీకు రాసుంటే మీరు రమ్మని రాసేవారు కాదు. మీ మీద చాలా కోపంగా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది కాబట్టి మీది రెండో వరసలో ఉంది.

ఇక కబురు. ఇక్కడికి నలభై కిలోమీటర్లలో ఇంకో ఊరుంది. అక్కడ ఒక దర్జీ షాపులో ఎవరో పెద్దాయన వచ్చి చేరాడట. పేరు చెప్పలేడట, ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలియదట, మిషన్ మాత్రం ముట్టుకుంటే పలుకుతుందట. సూదులమ్మే వ్యాపారి ఒకాయన లాడ్జి ఆవిడకి చెప్పాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడట.

రేపు పొద్దున మొదటి బస్సుకి వెళ్తున్నాను. ఉత్తరం ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను. ఆగలేకపోతున్నాను వదినా.

మీ మరదలు


ఆగస్టు 10

వదినా, ఆయన కాదు.

షాపు చిన్నది, మా షాపంతే. లోపల మిషన్ మీద వంగి ఉన్నాడు. వీపు చూసి ఒక్క క్షణం ఆయనే అనుకున్నాను. తల తిప్పాడు. వేరే మనిషి. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. తనకోసమే ఎవరో వచ్చారనుకున్నట్టున్నాడు. చేతులు తుడుచుకున్నాడు, జుట్టు సవరించుకున్నాడు. కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. మళ్ళీ కూర్చున్నాడు.

ఎవరి తమ్ముడో.

మీ మరదలు


ఆగస్టు 16

అమ్మాయ్,

నీ రెండు ఉత్తరాలూ రెండ్రోజుల తేడాతో వచ్చాయి.

ఆ రెండ్రోజులు నేనేం చేశానో చెబితే నవ్వుతావు. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి అందరికీ చెప్పాను. మా వాడు దొరికాడు, దర్జీ షాపులో పని చేసుకుంటున్నాడట, ఎక్కడికెళ్ళినా వాడి పనితనం దాగదు అని. వాడి పరుపు ఎండలో వేయించాను. గోడమీద నాన్న ఫొటో దింపించి బీరువాలో పెట్టాను, వాడొచ్చి చూస్తే నాన్న లేడని తెలిసిపోతుందని. నాన్న ఎక్కడని అడిగితే ఊరెళ్ళాడని చెబుదామనుకున్నాను. అన్నీ ఆలోచించుకున్నాను.

మూడో నాడు ఆ చిన్న ఉత్తరం వచ్చింది. వీధిలో వాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఎప్పుడొస్తున్నాడని. పెదాలు కదిలితే నాకర్థమవుతుంది గానీ, వినపడనట్టు లోపలికి వచ్చేస్తున్నాను. చెవుడు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ఒక మాట రాస్తున్నాను, తప్పుగా అనుకోకు. నెల దాటింది. నాకు డెబ్బై ఏళ్ళు. వాడెక్కడో రోడ్డుమీద చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడని, ఎవరో కసురుకుంటున్నారని తలుచుకుంటూ నేను బతకలేను. ఆ పొలంలోనే దొరికితే బాగుండునని కోరుకుంటున్నాను. ఆ రోజే, ఆ ఎండకే, పూలమధ్య పడుకుండిపోయి ఉంటే బాగుండునని. అప్పుడు ఒక చోటంటూ ఉంటుంది. ఏడవడానికి.

వదిన


ఆగస్టు 22

వదినా,

ఎలా రాశారండీ ఆ మాట? పెంచిన చేత్తో ఎలా రాయగలిగారు?

నేను రోజూ ఆ గట్టుమీద నిలబడి కోరుకునేది ఒక్కటే, ఆ పొలంలో ఆయన ఉండకూడదని. ఎక్కడన్నా ఉండనీండి, ఎవరి పంచన పడున్నా, ఎవరిని ఏమని పిలుస్తున్నా. ఆ పొలంలో మాత్రం కాదు. ఎందుకంటే నేనక్కడే ఉన్నాను వదినా. బల్లమీద. పిలిస్తే వినపడేంత దూరంలో.

పూలు అయిపోయాయి. తలలు వాలిపోయాయి, రేకులు రాలాయి, మధ్యలో గింజ నల్లబడుతోంది. బస్సులు రావడం మానేశాయి. టోపీల గుడిసె ఎత్తేశారు. ఊళ్ళో కూడా జనం పలచబడ్డారు. మ్యూజియం వాళ్ళు నన్ను గుర్తుపట్టి ఊరికే లోపలికి రానిస్తున్నారు. నాకు అక్కడ చూడాల్సిందేం లేదు.

లాడ్జి ఆవిడ నా చేత దిండు గలీబులూ కర్టెన్లూ కుట్టిస్తోంది. గది ఉంచుకో, కుట్టిపెట్టు చాలు అంది. ఆవిడ మిషన్ దారం తెంపుతోంది. ఆయనుంటే అయిదు నిమిషాల పని.

కోత సెప్టెంబరు మొదటి వారంలో. అందాకా ఇక్కడే ఉంటాను. మీరు కోరుకునేది మీరు కోరుకోండి. నాకు మాత్రం రాయకండి.

మరదలు


సెప్టెంబర్ 9

వదినకి,

రాయొద్దన్నందుకు మీరు నిజంగానే రాయలేదు. రోజూ పోస్టాఫీసుకి వెళ్ళి అడిగాను.

కోత అయిపోయింది. నాలుగు రోజులు పట్టింది.

పొలం ఆవిడ గురించి నేను మొదట్లో అనుకున్నదంతా తప్పు. మొదటి రోజు పొద్దున్నే కోత మిషన్ల వాళ్ళని వరసగా నిలబెట్టి, "నడక కంటే నెమ్మదిగా నడపాలి. మిషన్ ముందు మనుషులు నడవాలి. వాళ్ళు చెయ్యెత్తితే ఆపెయ్యాలి" అని చెప్పింది. రెండు రోజుల్లో అయ్యే కోతని నాలుగు రోజులు చేసింది. కూలీలు ఆరుగురు కర్రలతో మొక్కలు పక్కకి తోసుకుంటూ ముందు నడిచారు. నేనూ వాళ్ళతో నడిచాను. ఎండు ఆకులు గీరుకుని చేతులు రక్తాలు కారాయి. ఎండిన మొక్కలు కదిలితే కాగితాలు నలిపినట్టు చప్పుడు. ప్రతి చప్పుడుకీ ఆగి చూసేదాన్ని.

రెండోరోజు ఒకతను చెయ్యెత్తాడు. మిషన్లన్నీ ఆగాయి. నేను అటు వెళ్ళలేదు. పొలం ఆవిడే వెళ్ళి చూసి వచ్చింది. ఎవరో పారేసిన గొడుగు. తెల్ల టోపీలైతే పదకొండు దొరికాయి. జనం పారేసుకున్నవి. పదకొండూ తెచ్చి నా ముందు పెట్టారు, మీదేనా చూడండని. ఏది చూసినా ఆయనదే అనిపించింది.

నిన్న సాయంత్రానికి మధ్యలో సన్నటి చీలిక మిగిలింది. నాలుగు రోజులుగా కోతకి భయపడి లోపలికి లోపలికి జరుగుతూ వచ్చిన జీవాలన్నీ అందులోనే దూరాయి. మిషన్ దగ్గరికొచ్చేసరికి కుందేళ్ళు ఒక్కసారిగా బయటికి ఉరికాయి, పదో పదిహేనో. వాటి వెనక ఒక నక్క. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అదిలించలేదు. అన్నీ వెళ్ళిపోయేదాకా డ్రైవరు ఆగాడు. తర్వాత ఆ చీలిక కూడా కోసేశాడు.

ఏమీ లేదు వదినా. రెండొందల ఎకరాలు నున్నగా, ఈ కొసనుంచి ఆ కొసకి కనపడుతోంది. కాలవ కనపడుతోంది, అవతల రోడ్డు కనపడుతోంది. ఆ బల్లమీద కూర్చుని చూస్తే ఇప్పుడైతే మనిషి ఎటు నడిచినా కనపడతాడు.

నేను కోరుకున్నదే జరిగింది. పొలంలో ఆయన లేరు. సంతోషపడదామని చూశాను. రాలేదు. యాభై అయిదు రోజులు నాకు వెతకడానికి ఒక చోటంటూ ఉండేది. అదీ పోయింది. మీరన్న మాట అప్పుడర్థమైంది.

పోలీసు ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. కేసు మూయడం లేదండి, పక్కన పెడుతున్నాం అన్నాడు. మంచివాడే. తలుపుదాకా వచ్చి పంపించాడు.

మీ మరదలు


సెప్టెంబర్ 14

అమ్మాయ్,

నువ్వు రాయొద్దన్నావని కాదు రాయనిది. రాసి చింపాను, అయిదుసార్లు. మిషన్లు వాణ్ణి తగలకుండా చూడు దేవుడా అని కూర్చున్నాను. చూశావా, పొలంలో దొరకాలని కోరిందీ నేనే, కోతరోజు దొరక్కూడదని మొక్కిందీ నేనే. నా కోరిక మీద నేనే నిలబడలేకపోయాను. నేను రాసిన ఆ మాట కొట్టెయ్.

ఇప్పుడు మనమేం చెయ్యాలి? నాకు తోచింది చెబుతాను. నువ్వు ఇటు వచ్చెయ్. ముందు గది ఊడిపించాను. కిటికీ పక్కన వెలుతురు బాగా వస్తుంది, మిషన్ వేసుకోవచ్చు. ఈ వీధిలో దర్జీ లేడు, అందరూ అవతలి వీధికి పోతారు. నేను వంట చేస్తాను, ఇంకా చెయ్యగలను. మనం ఒకరినొకరు ఎన్ని మాటలనుకున్నామో అన్నీ కాగితాల మీదే ఉన్నాయి, పొయ్యిలో వేసేద్దాం. నాకున్నది నువ్వే. నీకూ నేనే. పంతానికి పోకు.

ఏ బస్సుకి వస్తున్నావో రాయి. మోకాలు బాగానే ఉంది, స్టాండుకి వస్తాను.

మీ వదిన


సెప్టెంబర్ 27

వదినకి నమస్కారాలు.

ఇంటికొచ్చి వారమైంది. వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు, "పక్క సీటుకి మనిషున్నారా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. బస్సు కదిలాక లేరన్నాను. ఒక ముసలాయన వచ్చి కూర్చుని దారి పొడుగునా నిద్రపోయాడు.

షాపు తీశాను. రెండున్నర నెలల దుమ్ము. ఇచ్చిన గుడ్డలు అలాగే ఉన్నాయని కొందరు గొణిగారు, కొందరు నా మొహం చూసి ఊరుకున్నారు. నిన్న వెనక వీధి టీచరమ్మ ప్యాంటు పొడుగు తగ్గించమని తెచ్చింది. ఆవిడకేం తెలియదు. "మిషన్ మాస్టారు కనపడటం లేదే?" అంది. ఊరెళ్ళారన్నాను. "ఎప్పుడొస్తారు? మా మిషన్ ఆగిపోయింది" అంది. వచ్చాక పంపిస్తానన్నాను. మీరు వీధివాళ్ళకి చెప్పలేక లోపలికి వచ్చేశానని రాస్తే ఇదేమిటి అనుకున్నాను. నాకూ అంతే చేతనైంది.

మీ గది గురించి. చదివి ఏడ్చాను వదినా. ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా రమ్మనలేదు. సంచి సర్దాను కూడా. సర్దాక కూర్చుని ఆలోచించాను.

నేనొచ్చేస్తే ఇక్కడ తలుపుకి తాళం పడుతుంది. ఆయనకి ఏదో ఒక రోజు తెలివొచ్చి, లేకపోతే ఎవరో పుణ్యాత్ములు చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, ఇక్కడికే కదా తెస్తారు. పోలీసు స్టేషన్లో ఉన్నదీ ఈ చిరునామాయే. తాళం చూసి వెనక్కి తీసుకెళ్ళిపోతే?

పోనీ మీరే ఇక్కడికి రండి అని రాద్దామనుకున్నాను. అదీ కుదరదు. ఆయన బయల్దేరింది మీ దగ్గరికి. నాన్నని చూడ్డానికి. ఆయన మనసులో ఉన్నది ఆ ఇల్లొక్కటే అయితే, అడుగుతూ అడుగుతూ ఏ నాటికో అక్కడికే చేరతారు. అప్పుడు మీరుండాలి. అక్కా అంటే పలకడానికి ఒక మనిషుండాలి.

ఆయన రారని నాకు తెలుసు. మీకూ తెలుసు. టైమెంతైందో చూసుకోవడం రాని మనిషి, రెండున్నర నెలలు. తెలిసీ సంచి విప్పేశాను.

మనిద్దరం ఒకచోట కూర్చుని ఏడిచే యోగం కూడా లేదు. కుట్టుపనికి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకోండి. వారానికొకటి రాస్తాను. మీరూ రాయండి, పై కాగితం ఒకటే చాలు.

మీరు అక్కడే ఉండండి వదినా. నేనిక్కడే ఉంటాను.

మీ మరదలు